ఫిబ్‌-4 ఎక్కువ వచ్చింది.. నాన్న జబ్బే నాకూ వచ్చిందా?

గోదావరి జిల్లాల్లోని ఓ పట్టణం నుంచి 48 ఏళ్ల సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి ఆ వివరాలు తీసేసి, మిగతాది క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమెకు ఆరేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నారు. ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, బరువు 71 కిలోలు. సెప్టెంబరు చివర్లో డెంగీ వచ్చి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ప్లేట్‌లెట్లు 48 వేలకు పడిపోయి, ఎక్కించే అవసరం లేకుండానే మళ్లీ పెరిగాయి. ఇంటికొచ్చాక నీరసం పోతుందని తెలిసినవాళ్లు ఇస్తే తిప్పతీగ కషాయం మొదలుపెట్టారు. డిశ్చార్జి అయిన పన్నెండో రోజున, దీపావళి ఆఫర్‌లో హెల్త్ చెకప్ ప్యాకేజీ ఉందంటే ల్యాబుకెళ్లి రక్తమిచ్చారు. ఎస్‌జీఓటీ 62, ఎస్‌జీపీటీ 49 (ఈ రెండూ లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు), ప్లేట్‌లెట్లు 1.42 లక్షలు వచ్చాయి. రిపోర్టు చివర ‘ఫిబ్‌-4: 2.99’ అని, దాని కింద ఎర్ర అక్షరాల్లో ‘అడ్వాన్స్‌డ్ ఫైబ్రోసిస్‌కు అవకాశం ఎక్కువ’, అంటే లివర్‌లో మచ్చలు ముదిరి ఉండొచ్చు అని ఉంది. పొట్ట స్కానింగ్‌లో గ్రేడ్‌-1 ఫ్యాటీ లివర్ అన్నారు. చెల్లెలి కొడుకు అవే అంకెల్ని ఫోన్‌లో వేసి చూస్తే 299 వచ్చిందట. ఆ రాత్రి ఆమెకు నిద్రపట్టలేదు.

ఎరువుల కొట్టు నడిపే భర్త రిపోర్టు చూసి, ‘ఇదంతా ల్యాబు వాళ్ల వ్యాపారం, నువ్వు బాగానే తిరుగుతున్నావుగా’ అని పక్కన పడేశారు. బెంగళూరులో ఉండే మరిది మాత్రం వెంటనే హైదరాబాద్ వెళ్లి బయాప్సీ (సూదితో లివర్ ముక్క తీసి చూసే పరీక్ష) చేయించుకోమని రోజూ ఫోన్ చేస్తున్నారు. కానీ ఆమె భయం ఇంకోటి. వాళ్ల నాన్నగారు 2009లో సిర్రోసిస్‌తో, అంటే లివర్ అంతా మచ్చలతో గట్టిపడి పోయారు. ఆయనకు షుగర్ ఉండేది, మందు మాత్రం జీవితంలో ముట్టలేదు. అయినా కర్మల రోజున భోజనాల దగ్గర బంధువులు ‘ఎక్కడో చాటుగా తాగేవాడే, లేకపోతే లివర్ ఎందుకు పోతుంది’ అన్నారట. ‘ఆ మాట మా అమ్మ చెవిన పడింది. ఆవిడ ఆ పదకొండు రోజులూ ఏడ్చింది నాన్న పోయినందుకో, ఆ మాటకో నాకిప్పటికీ తెలీదు’ అని రాశారు. ఇప్పుడు కూతురికి 24 ఏళ్లు, సంబంధాలు చూస్తున్నారు. తల్లికి లివర్ జబ్బని బయటికి పొక్కితే ఏమవుతుందోనని రిపోర్టుల్ని బీరువాలో చీరల కింద దాచి, ఎవరికీ చెప్పకుండా కషాయాన్ని రెండు పూటలా పెంచారు. వెతికితే నిరుడు చేయించుకున్న రిపోర్టు కూడా దొరికింది. అందులో ఎస్‌జీఓటీ 34, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు 2.10 లక్షలు ఉన్నాయి. ‘ఈ అంకెల్ని నమ్మాలా? బయాప్సీ తప్పదా? ఇంట్లో ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు? మా అన్నయ్యకు 52, ఆయన్నీ చూపించుకోమనాలా?’ ఇవీ ఆమె అడిగినవి.

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం మొత్తంలో అతి ముఖ్యమైన వివరాన్ని మీరు మధ్యలో ఎక్కడో మామూలుగా రాసేశారు. డిశ్చార్జి అయిన పన్నెండో రోజున రక్తమిచ్చానన్నారు చూడండి, అదీ ఆ వివరం. మీకు వచ్చిన 2.99లో మీ లివర్ వాటా ఎంత, డెంగీ వాటా ఎంత అన్నది తేలకుండా ఆ అంకెను పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోలేం. బయాప్సీకి పరిగెత్తడానికీ అది చాలదు, చెత్తబుట్టలో వేయడానికీ చాలదు.

ఫిబ్‌-4 కోసం విడిగా తీసే రక్తం ఏమీ ఉండదు. అదొక లెక్క. వయసును ఎస్‌జీఓటీతో గుణిస్తారు. ప్లేట్‌లెట్ల సంఖ్యను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణిస్తారు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తారు. మీ విషయంలో 48 ఇంటూ 62 అంటే 2976. ఎస్‌జీపీటీ 49కి వర్గమూలం 7, దాన్ని 142తో గుణిస్తే 994. 2976ను 994తో భాగిస్తే 2.99. ల్యాబు వాళ్ల లెక్క సరిగ్గానే ఉంది. మీ చెల్లెలి కొడుకు చేసిన పొరపాటు చాలామంది చేసేదే. మన ల్యాబులు ప్లేట్‌లెట్లను లక్షల్లో వేస్తాయి, ఫోన్‌లో ఉండే లెక్కలు వేలల్లో అడుగుతాయి. 1.42 లక్షలంటే 142 అని కొట్టాలి. 1.42 అని కొడితే 299 వస్తుంది. అంత ఫిబ్‌-4 నిజంగా ఎవరికీ ఉండదు, ఆ అబ్బాయికి చెప్పి స్థిమితపరచండి.

ఈ లెక్క 2006లో పుట్టింది. హెచ్‌ఐవీ, హెపటైటిస్‌-సి రెండూ ఉన్నవాళ్లలో ప్రతి ఒక్కరికీ సూది గుచ్చి లివర్ ముక్క తీయకుండా, చేతిలో ఉన్న మామూలు పరీక్షలతోనే ఎవరికి మచ్చలు ముదిరాయో అంచనా వేయాలని దీన్ని తయారుచేశారు. తర్వాత ఫ్యాటీ లివర్‌కూ పనికొస్తుందని తేలింది. 1.3 కంటే తక్కువ వస్తే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం చాలా తక్కువ. 2.67 దాటితే అనుమానం బలం. మధ్యలో వస్తే ఇంకో పరీక్ష కావాలి.

ఆ నాలుగు అంకెలే ఎందుకంటారా? లివర్ ఏళ్ల తరబడి దెబ్బ తింటూ ఉంటే, అందులో విటమిన్‌-ఏ నిల్వ చేసుకుని ప్రశాంతంగా ఉండే కొన్ని కణాలు స్వభావం మార్చుకుని కొల్లాజెన్ పీచును అల్లడం మొదలుపెడతాయి. గాయం మానాక చర్మం మీద మచ్చ పడినట్టే లోపలా పడుతుంది. అదే ఫైబ్రోసిస్. అది పెరిగేకొద్దీ పేగుల నుంచి వచ్చే రక్తం లివర్‌లోకి తేలిగ్గా వెళ్లలేక వెనక్కి ఒత్తిడి పెడుతుంది, ప్లీహం ఉబ్బుతుంది, ప్లేట్‌లెట్లు అందులో చిక్కుకుపోతాయి. ప్లేట్‌లెట్లను తయారుచేయమని ఎముక మజ్జకు కబురు పంపే హార్మోన్ కూడా లివర్ నుంచే వస్తుంది, అదీ తగ్గుతుంది. ఎస్‌జీఓటీ నెమ్మదిగా ఎస్‌జీపీటీని దాటుతుంది. వయసు ఎందుకంటే, మచ్చ పడటానికి ఏళ్లు పడుతుంది కనుక. అంటే ఫిబ్‌-4లోని ఏ అంకే మచ్చను నేరుగా కొలవదు. మచ్చ పడ్డాక ఒంట్లో కనిపించే జాడల్ని కలిపి ఊహిస్తుందంతే.

ఇప్పుడు డెంగీ ఏం చేస్తుందో చూడండి. ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. ఎస్‌జీఓటీని, ఎస్‌జీపీటీని పెంచుతుంది, అందులోనూ ఎస్‌జీఓటీని ఎక్కువగా పెంచుతుంది. ఫిబ్‌-4కు మచ్చలా కనిపించడానికి సరిగ్గా ఏమేం కావాలో డెంగీ అవన్నీ కొన్ని వారాలపాటు సమకూర్చి పెడుతుంది. ప్లేట్‌లెట్లు 48 వేల నుంచి 1.42 లక్షలకు వచ్చాయంటే ఇంకా కోలుకునే దారిలో ఉన్నాయన్నమాట. మీ ఎస్‌జీఓటీ కూడా దిగుతూ ఉండగా దొరికి ఉండొచ్చు. జ్వరంలో ఉన్నవాళ్లకు, అప్పుడే లేచినవాళ్లకు ఈ లెక్క వేయకూడదు. ప్యాకేజీ అమ్మేవాళ్లు రక్తం తీసే ముందు ‘ఈ మధ్య జ్వరమేమైనా వచ్చిందా’ అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ ఎర్ర అక్షరాలు మీ కంట పడేవి కావు. కంప్యూటర్ దానంతటదే అచ్చేసే ఇలాంటి హెచ్చరికలతో ఎన్ని ఇళ్లలో నిద్ర పోతోందో తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

నిరుటి రిపోర్టు దాచుకోవడం మీరు చేసిన మంచి పని. 47 ఇంటూ 34 అంటే 1598. ఎస్‌జీపీటీ 36కి వర్గమూలం 6, దాన్ని 210తో గుణిస్తే 1260. భాగిస్తే 1.27. ఒక్క ఏడాదిలో 1.27 నుంచి 2.99కి లివర్ మచ్చలు పెరగడం మామూలుగా జరిగేది కాదు. ఫైబ్రోసిస్ ఏళ్ల మీద నడుస్తుంది. కాబట్టి ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం డెంగీదే అయ్యుండాలి.

అయితే అక్కడితో ఊపిరి పీల్చుకోమని చెప్పలేను. 1.27 అంటే 1.3 గీతకు ఇవతల, దాదాపు దాన్ని ఆనుకునే ఉంది. మీకు షుగర్ ఉంది, బరువు ఎక్కువ, నాన్నగారి చరిత్ర ఉంది. షుగర్ ఉన్నవాళ్లందరికీ ఈ లెక్క వేసి చూడాలని అమెరికా డయాబెటిస్ సంఘం కొన్నేళ్లుగా చెబుతోంది. మన దగ్గరా 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఫ్యాటీ లివర్‌ను షుగర్, బీపీ, గుండెజబ్బుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. ఆరేళ్లుగా షుగర్‌కు వైద్యం చేస్తున్న మీ డాక్టరు గారు లివర్ మాట ఇంతవరకూ ఎత్తకపోతే, ఈసారి మీరే ఎత్తండి.

ఫిబ్‌-4ను జల్లెడ అనుకోండి. జబ్బు లేనివాళ్లను కిందికి వదిలేయడంలో దీని పనితనం గొప్పది. పైన మిగిలినవన్నీ రాళ్లే అని మాత్రం అనలేం. ఎక్కువ వచ్చినవాళ్లలో తర్వాతి పరీక్షలో ఏమీ లేదని తేలేవాళ్లు చాలామందే ఉంటారు.

స్కానింగ్‌లో రాసిన ‘గ్రేడ్‌-1’ చూసి మీవారు ‘మొదటి గ్రేడేగా’ అని ధైర్యం చెప్పారని రాశారు. అక్కడ ఒక గందరగోళం ఉంది, చాలామంది డాక్టరు దగ్గర్నుంచి ఆ గందరగోళంతోనే ఇంటికి వెళ్లిపోతుంటారు. ఆ గ్రేడు కొవ్వుది. ఎంత కొవ్వు పట్టిందో ఒకటి, రెండు, మూడు అంటారు. మచ్చల లెక్క వేరు, దాన్ని ఎఫ్‌-0 నుంచి ఎఫ్‌-4 వరకు చెబుతారు, ఎఫ్‌-4 అంటే సిర్రోసిస్. మామూలు స్కానింగ్ తొలిదశ మచ్చల్ని పట్టుకోలేదు. గ్రేడ్‌-3 కొవ్వు ఉండి మచ్చే లేనివాళ్లుంటారు, గ్రేడ్‌-1 ఉండి మచ్చ ముదిరినవాళ్లూ ఉంటారు. ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష) అంతా నార్మల్‌గా వచ్చినా మచ్చ ఉండొచ్చు. మీ గ్రేడ్‌-1 మిమ్మల్ని భయపెట్టాల్సింది కాదు, నిశ్చింతగా ఉంచాల్సిందీ కాదు.

ఇక ముందున్న దారులు. మొదటిది, ఆగి మళ్లీ రక్తమివ్వడం. జ్వరం తగ్గిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు, ఒంట్లో ఇంకే జ్వరమూ లేనప్పుడు సీబీసీ (ప్లేట్‌లెట్లతో సహా రక్తకణాల లెక్క), ఎల్‌ఎఫ్‌టీ చేయించుకోండి. ముందురోజు బరువులెత్తే పనులు, అలవాటు లేని వ్యాయామం వద్దు, ఎందుకంటే ఎస్‌జీఓటీ కండరాల్లోంచి కూడా వస్తుంది. ప్లేట్‌లెట్లు మళ్లీ తక్కువొస్తే స్లైడు మీద చూసి నిర్ధారించమని అడగండి, ట్యూబులో గుంపుకట్టి మిషన్‌కు తక్కువగా కనిపించడం కొందరిలో జరుగుతుంది. దానితోపాటే హెపటైటిస్‌-బి, సి పరీక్షలు తప్పనిసరిగా చేయించండి, మీ రిపోర్టుల్లో అవి లేవు. అప్పుడు ఫిబ్‌-4 1.3 లోపు వస్తే ఏడాది, రెండేళ్లకోసారి మళ్లీ చూసుకుంటూ షుగర్, బరువు మీద పనిచేయడమే. 1.3కి, 2.67కి మధ్య వస్తే ఫైబ్రోస్కాన్ (లివర్ గట్టిదనాన్ని కొలిచే పరీక్ష). 2.67 దాటితే లివర్ డాక్టరు దగ్గరికే నేరుగా వెళ్లడం. ఈ దారిలో మీకయ్యే నష్టం కొన్ని వారాల ఆందోళన. మచ్చ ఏళ్ల మీద నడిచేది కనుక ఆ కొన్ని వారాల్లో చేజారిపోయేది ఏమీ లేదు. నేనైతే దీనివైపే మొగ్గుతాను.

ఆగలేను, ఇప్పుడే తేలిపోవాలి అనిపిస్తే ఫైబ్రోస్కాన్ చేయించుకోవచ్చు. హైదరాబాద్, విశాఖ, విజయవాడ లాంటి చోట్ల దొరుకుతుంది. పక్కటెముకల మీద చిన్న తట్టులాంటిది ఇచ్చి, లివర్ ఎంత గట్టిగా ఉందో కిలోపాస్కల్స్‌లో చెబుతుంది. నొప్పి ఉండదు. పరీక్షకు ముందు కనీసం మూడు గంటలు ఏమీ తినకూడదు. 8 లోపు వస్తే ముదిరిన మచ్చ దాదాపు లేనట్టే. 12 దాటితే అనుమానం బలం. కానీ లివర్ వాచి ఉన్నప్పుడు మచ్చ లేకపోయినా గట్టిగానే చూపిస్తుంది. డెంగీ తర్వాత ఇంత త్వరగా చేయిస్తే, తక్కువ వస్తే హాయి, ఎక్కువ వస్తే మళ్లీ ఇదే సందిగ్ధం. డబ్బూ పోతుంది, నిద్రా పోతుంది.

ఈఎల్‌ఎఫ్ అని ఇంకో రక్తపరీక్ష ఉంది. ఫిబ్‌-4లా ఊహించకుండా, మచ్చ తయారయ్యేటప్పుడు రక్తంలోకి వచ్చే మూడు పదార్థాల్ని నేరుగా కొలుస్తుంది. అవి హైలురానిక్ ఆమ్లం, మూడో రకం కొల్లాజెన్ అల్లుకునేటప్పుడు తెగిపడే ఒక ముక్క, ఆ పీచును కరిగించే ఎంజైములకు అడ్డుపడే ఒక ప్రోటీన్. 9.8 దాటితే ముదిరిన మచ్చను అనుమానిస్తారు. ఖర్చు ఎక్కువ, అన్ని ల్యాబుల్లో దొరకదు. వయసు పెరిగినా, ఒంట్లో వేరేచోట వాపు ఉన్నా కాస్త ఎక్కువే చూపిస్తుంది. ఫైబ్రోస్కాన్ అందుబాటులో లేనివాళ్లకు, లేదా రెండు పరీక్షలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చినప్పుడు ఇది బాగా పనికొస్తుంది. మీకు ఇప్పుడు అక్కర్లేదు. ఫైబ్రోటెస్ట్, ఏపీఆర్‌ఐ అని మరికొన్ని లెక్కలున్నాయి. ఏపీఆర్‌ఐ కూడా ఎస్‌జీఓటీ, ప్లేట్‌లెట్ల మీదే ఆధారపడుతుంది కనుక మీ విషయంలో అదీ ఇలాగే తప్పుదారి పట్టిస్తుంది. ఒకే మూలం నుంచి వచ్చిన రెండు లెక్కలు ఒకే మాట చెప్పాయని భయపడకండి.

బయాప్సీ. మీ మరిది ప్రేమతోనే చెబుతున్నారు, కానీ ఇప్పుడు దానికి సమయం కాదు. సూదితో తీసే ముక్క లివర్‌లో సుమారు 50 వేలవ వంతు. మచ్చ అంతటా ఒకేలా పడదు కాబట్టి ఆ ముక్క కూడా ఒక్కోసారి తప్పు చెబుతుంది. కొందరికి నొప్పి, అరుదుగా రక్తస్రావం ఉంటాయి, కొన్ని గంటలు ఆసుపత్రిలో పడుకోబెడతారు. రక్తపరీక్షలు, ఫైబ్రోస్కాన్ ఒకదానితో ఒకటి కొట్టుకున్నప్పుడు, లేదా లివర్ దెబ్బతినడానికి కారణమేంటో తెలియనప్పుడు మాత్రం దాన్ని మించింది లేదు. ఆ రెండోది మీకు వర్తించే అవకాశం ఒకటుంది, అదే మీ కషాయం.

తిప్పతీగ గురించి కాస్త నిదానంగా చదవండి. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న ఆరుగురి వివరాలు ప్రచురించారు. మరుసటి ఏడాది దేశంలోని వేర్వేరు ఆసుపత్రుల నుంచి 43 మంది వివరాలు వచ్చాయి. ఒంట్లోని రక్షణ వ్యవస్థే లివర్ మీద దాడి చేసే తరహా జబ్బు వాళ్లలో చాలామందికి కనిపించింది. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఈ నివేదికల్ని ఒప్పుకోలేదు, వాడింది అసలైన తిప్పతీగ కాకపోయి ఉండొచ్చని వాదించింది. ఆ వాదన నిజమే అనుకున్నా, మీకు తెలిసినవాళ్లు ఇచ్చిన తీగ ఏదో మీకెలా తెలుస్తుంది? వాడిన ప్రతివాళ్లకూ ఇలా జరగదు, నిజమే. కానీ లివర్ కోలుకుంటున్న ఈ వారాల్లో దాన్ని తాగుతుంటే ఒక ప్రమాదం, దానివల్ల మళ్లీ చేయించే పరీక్ష కూడా చెడిపోవడం ఇంకో ప్రమాదం. ఈరోజే ఆపేయండి. డాక్టరుకు చెప్పేటప్పుడు ‘కషాయం తాగాను’ అని దాచకుండా చెప్పండి, ఎన్నాళ్లు తాగారో కూడా చెప్పండి. కషాయం ఆపి ఎనిమిది వారాలైనా ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ దిగకపోయినా, ఇంకా పెరిగినా, అప్పుడు బయాప్సీ మాట వస్తుంది, అప్పుడు వెనకాడొద్దు. షుగర్ మాత్రల్ని మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ఈ మధ్యలో కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, కాళ్లు వాచినా, మలం తారులా నల్లగా వచ్చినా, రక్తపు వాంతి అయినా వారాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

మీవారి మాట. ‘ల్యాబు వ్యాపారం’ అనడంలో ఆయన సగం కరెక్టే. ఆ సగాన్ని ఒప్పుకుంటూ మాట మొదలుపెడితే మిగతా సగం ఆయనా వింటారనుకుంటాను. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూపించండి. ‘జ్వరం వల్ల పెరిగిందట, నిజమో కాదో మళ్లీ చూడాలట, కొన్ని వందల రూపాయల పని’ అని చెప్పండి. ‘బాగానే తిరుగుతున్నావుగా’ అన్నదానికి మాత్రం జవాబు చెప్పాల్సిందే. ఈ జబ్బు ముదిరేదాకా మనిషి బాగానే తిరుగుతుంది. మీ నాన్నగారూ తిరిగి ఉంటారు.

ఆయన గురించి ఒక మాట చెప్పాలి. మందు ముట్టనివాళ్లకూ సిర్రోసిస్ వస్తుంది. 1980లోనే అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు లుడ్విగ్, తాగే అలవాటు లేని 20 మంది లివర్లలో అచ్చం తాగేవాళ్లకు వచ్చే మార్పులే చూసి రాశారు. చాలామంది ఊబకాయులు, షుగర్ కూడా అందులో కనిపించింది. మీ నాన్నగారికి ఏం జరిగిందో రిపోర్టులు లేకుండా నేను చెప్పలేను. హెపటైటిస్‌-బి, సి కూడా కారణం కావచ్చు. కానీ షుగర్ ఉన్న మనిషికి, తాగకుండానే, లివర్ పోవడం వైద్యానికి బాగా తెలిసిన సంగతి. అమ్మగారు ఉన్నారో లేరో మీరు రాయలేదు. ఉంటే, ఈ ముక్క ఆవిడకు చదివి వినిపించండి. కర్మల రోజున అన్నం తింటూ ఆ మాట అన్నవాళ్లది అజ్ఞానం. దాన్ని ఇన్నేళ్లు ఆవిడ మోయాల్సిన పనిలేదు.

అమ్మాయి పెళ్లి సంబంధాల విషయంలో మీకు రెండు దారులున్నాయి. ఎవరికీ చెప్పకుండా ఉంటే ప్రస్తుతానికి మాట బయటికి పోదు. దానికి మీరు చెల్లించే ధర, పరీక్షలకు ఒంటరిగా తిరగడం, కషాయాల్ని చాటుగా తాగడం, భర్తకు తెలియకుండా భయపడటం. ఇంట్లో ముగ్గురూ తెలుసుకుంటే అమ్మాయి కొన్నాళ్లు దిగులుపడుతుంది, కానీ మీ వెంట ఒకరు ఉంటారు. మీవారికీ, అమ్మాయికీ అన్నీ విప్పి చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. వచ్చిన సంబంధం వాళ్లకు చెప్పాలా అంటే, చెప్పడానికి ఇప్పుడు మీ దగ్గర జబ్బేమీ తేలలేదు, అనుమానం మాత్రమే ఉంది. ఫ్యాటీ లివర్ అంటుకునేది కాదు. తేలని అనుమానాన్ని దాచడం మోసం కిందికి రాదు. రక్తపరీక్షలో హెపటైటిస్‌-బి ఉందని తేలితే సంగతి మారుతుంది. అప్పుడు మీవారికి, అమ్మాయికి పరీక్ష చేయించాలి, లేనివాళ్లకు టీకా వేయించాలి. ఈ జబ్బులకు 2018 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం. అమ్మాయికి ఫోన్‌లో ఫిబ్‌-4 వేసి చూడొద్దు. 35 ఏళ్లలోపు వాళ్లలో అది నమ్మదగ్గది కాదు. అమ్మగారి వయసువాళ్లకు వేసినా 1.3 గీత పెట్టుకోకూడదు, 65 దాటినవాళ్లకు 2.0 చూడాలి. మీ నిరుటి అంకెలే 66 ఏళ్ల మనిషికి వేస్తే ఒక్క వయసు వల్లే 1.78 వస్తుంది.

మళ్లీ రక్తమిచ్చే లోపు ఊరికే కూర్చోనక్కర్లేదు. 71 కిలోల్లో ఐదు కిలోలు తగ్గితే లివర్‌లో కొవ్వు, వాపు తగ్గుతాయి. ఏడు కిలోల దాకా తగ్గి, ఆ బరువు నిలబెట్టుకున్నవాళ్లలో తొలిదశ మచ్చలు వెనక్కి తగ్గడం కూడా చూశారు. పండగ పూతరేకులు, మధ్యాహ్నం బజ్జీలు, చక్కెర వేసిన టీ తగ్గించి, రాత్రి అన్నం కొలత తగ్గించి, రోజూ ఓ అరగంట నడవండి. పంచదార లేని కాఫీ లివర్‌కు మేలే చేస్తుందని చాలా పరిశీలనల్లో కనిపించింది, కాబట్టి అది మానక్కర్లేదు. డెంగీ నీరసం పూర్తిగా పోయాక మొదలుపెట్టండి, రెండు నెలల్లో ఐదు కిలోలు తగ్గాలని పస్తులుండకండి.

మీ అన్నయ్య సంగతి నాకు మీకంటే ఎక్కువ కంగారుగా ఉంది. ‘ఆదివారాలు స్నేహితులతో కాస్త తీసుకుంటాడు’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నాన్నకు షుగర్, సిర్రోసిస్. చెల్లెలికి షుగర్, ఫ్యాటీ లివర్. 52 ఏళ్ల మనిషి షుగర్ ఎప్పుడైనా చూపించుకున్నారో లేదో మీకే తెలియదన్నారు. పొట్ట, షుగర్, మందు ఒకే మనిషిలో కలిస్తే లివర్‌కు మచ్చ వేగంగా పడుతుంది, ‘కాస్త’ అనేది ఆ ఇంట్లో కాస్త కాదు. ఆయనకు షుగర్, సీబీసీ, ఎల్‌ఎఫ్‌టీ, హెపటైటిస్‌-బి, సి చేయించండి. మీలాగా ఆయన ఈ మధ్య జ్వరం పడి లేవలేదు కనుక ఆయన ఫిబ్‌-4కు ఇప్పుడే విలువుంటుంది. మీ ఎనిమిది వారాలు పూర్తయ్యేదాకా ఆయన్ను ఆపకండి, సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు చెప్పొచ్చులే అనుకోకండి. ఫోన్ చేసి ఈ వారమే రక్తమిమ్మని చెప్పండి, రక్తమిచ్చేదాకా మందు ముట్టొద్దనండి.